చలికాలపు ఎడారిలో ఇద్దరు: ఫీనిక్స్ నుంచి వైట్ శాండ్స్ దాకా ఏడు రోజుల కారు ప్రయాణం

అమెరికా నైరుతి ఎడారి అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది గ్రాండ్ కేన్యన్. చలికాలం సెలవులు రాగానే ఫీనిక్స్‌లో కారు అద్దెకు తీసుకుని నేరుగా ఉత్తరానికి బయలుదేరతారు. సాయంత్రానికల్లా ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర మంచులో నిలబడి, ఎడారికి వస్తే ఈ చలేమిటని ఆశ్చర్యపోతారు. ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది, ఫీనిక్స్ 1,100 అడుగుల దగ్గర ఉంది. రెండున్నర గంటల ప్రయాణంలో రెండు రుతువులు దాటుతారన్న మాట.

ఈ మార్గదర్శి దక్షిణపు దారికి. ఫీనిక్స్ నుంచి టూసాన్, బిస్బీ, చిరికావా రాతిస్తంభాలు, లాస్ క్రూసెస్, వైట్ శాండ్స్ తెల్లని దిబ్బలు, సొకోరో, అక్కడి నుంచి తిరిగి ఫీనిక్స్. అటూ ఇటూ తిరిగేదంతా కలిపితే సుమారు 1,200 మైళ్లు. ఏడు రోజులకు సరిపోతుంది, ఇద్దరు డ్రైవర్లుంటే అలసటా తెలియదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ, నా నెల్లూరు మిత్రుడూ మైళ్లు లెక్కపెట్టుకున్నాం. మూడు వందల మైళ్లు, ఐదు గంటలు, మధ్యలో రెండు చోట్ల ఆగుదాం అనుకున్నాం. చిరికావా చేరేసరికి నాలుగున్నర. ఆ రాళ్ల అడవిని చూసింది ఇరవై నిమిషాలు. తర్వాత కటిక చీకట్లో, రోడ్డు పక్కన జింకల కళ్లు మెరుస్తుంటే, గంటకు ముప్ఫై మైళ్ల వేగంతో విల్‌కాక్స్ దాకా మాటామంతీ లేకుండా వెళ్లాం. తప్పు ఎవరిదో తేలలేదు, ఎందుకంటే తప్పు లెక్కలో ఉంది. చలికాలంలో ఇక్కడ దూరాన్ని మైళ్లలో కాదు, మిగిలిన పొద్దులో కొలవాలి. రెండోసారి అదే దారిలో పొద్దు లెక్కతోనే వెళ్లాం. కింద రాసినదంతా ఆ రెండో ప్రయాణం నేర్పినదే.

ముందుగా వారం ఎంచుకోండి

నా ఓటు సంక్రాంతి తర్వాతి వారానికి. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ అప్పటికి తగ్గిపోతుంది. టూసాన్‌లో రత్నాలు, ఖనిజాల ప్రదర్శనలు జనవరి చివర మొదలై ఫిబ్రవరి మధ్య దాకా సాగుతాయి. ఆ రోజుల్లో హోటల్ గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. ఆ రెండింటి మధ్య వారం చవక. ఒక్కటే జాగ్రత్త: జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఆ వారాంతంలో వైట్ శాండ్స్ పిల్లలతో కిటకిటలాడుతుంది. వీలైతే మంగళవారం బయలుదేరండి. డిసెంబరులోనే వెళ్లక తప్పదంటే, 25న వైట్ శాండ్స్ మూసి ఉంటుందని గుర్తుంచుకోండి.

జనవరి మధ్యలో టూసాన్‌లో ఉదయం దాదాపు 7:25కు పొద్దు పొడుస్తుంది, సాయంత్రం 5:40కి కుంకుతుంది. లాస్ క్రూసెస్ తూర్పున ఉంది కాబట్టి అక్కడ 5:25కే అస్తమయం. అంటే రోజుకు పది గంటల వెలుగు. అందులో డ్రైవింగ్‌కు నాలుగు గంటలకు మించి ఇవ్వకండి, చివరి రోజు తప్ప. చేరవలసిన చోటికి నాలుగు గంటలకల్లా చేరాలి. దీన్ని నియమంగా పెట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

కాలమండలాల గొడవ ఈ దారిలో లేదు. అరిజోనా వేసవిలో గడియారం ముందుకు తిప్పదు కాబట్టి ఆ నెలల్లో న్యూ మెక్సికోతో గంట తేడా వస్తుంది. చలికాలంలో రెండూ ఒకే సమయం.

తర్వాత ఎత్తులు రాసుకోండి

పటం మీద పక్కపక్కనే ఉన్న ఊళ్లు ఎత్తులో వేల అడుగుల తేడాతో ఉంటాయి. ప్రతి వెయ్యి అడుగులకూ ఉష్ణోగ్రత మూడు నుంచి ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తగ్గుతుందని ఉజ్జాయింపుగా పెట్టుకోవచ్చు. మీ నోటుపుస్తకంలో ఇలా రాసుకోండి: టూసాన్ 2,400 అడుగులు, బిస్బీ 5,500, చిరికావాలో మసాయ్ పాయింట్ 6,870, విల్‌కాక్స్ 4,200, లాస్ క్రూసెస్ 3,900, వైట్ శాండ్స్ 4,200, సొకోరో 4,600, చివరి రోజు దాటే పై టౌన్ 7,800 దగ్గర, షో లో 6,300, గ్లోబ్ 3,500. మంచు పడే అవకాశం ఎక్కడెక్కడుందో ఈ అంకెలే చెబుతాయి: చిరికావా పైభాగం, చివరి రోజు దారి. మిగతా చోట్ల సాధారణంగా పగలు స్వెట్టరు చాలు, రాత్రి మాత్రం గడ్డకట్టే చలి.

వాతావరణం చూసేటప్పుడు ఊరి పేరు కొట్టి ఊరుకోకండి. అమెరికా ప్రభుత్వ నేషనల్ వెదర్ సర్వీస్ వెబ్‌సైట్‌లో పటం మీద మీకు కావలసిన చోట నొక్కితే, ఆ చోటి ఎత్తుతో సహా అంచనా వస్తుంది. విల్‌కాక్స్‌లో ఎండ అని చూపిస్తున్న రోజే అక్కడికి సుమారు నలభై మైళ్ల దూరంలోని మసాయ్ పాయింట్‌లో మంచు పడవచ్చు. రోడ్ల పరిస్థితికి రెండు రాష్ట్రాల్లోనూ 511 నంబరు ఉంది.

కారు

నాలుగు చక్రాల డ్రైవ్ అక్కర్లేదు. మామూలు సెడాన్ సరిపోతుంది. కౌంటరు దగ్గర హడావుడిలో చాలామంది చూడని సంగతులు కొన్ని ఉన్నాయి.

రెండో డ్రైవరు పేరు ఒప్పందంలో రాయించండి. కొంత అదనంగా కట్టాల్సి వస్తుంది, ఇరవై అయిదేళ్ల లోపువారికి ఇంకా ఎక్కువ. ఆ డబ్బు మిగుల్చుకుందామని పేరు రాయించకుండా స్టీరింగ్ ఇస్తే, ప్రమాదం జరిగిన రోజు బీమా చెల్లకుండా పోయే పరిస్థితి రావచ్చు. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడండి. కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీ బదులు గాలి నింపే చిన్న యంత్రం మాత్రమే ఉంటోంది. దాన్ని వాడడం ఎలాగో అక్కడే తెలుసుకోండి, రాత్రి ఎనిమిదింటికి లార్డ్స్‌బర్గ్ అవతల కాదు.

అద్దం తుడిచే ద్రవం సంగతి అడగండి. ఫీనిక్స్ కార్లలో గడ్డకట్టని రకం ఉంటుందని నమ్మకం లేదు. ఉత్త నీళ్లలాంటి ద్రవం ఉంటే 7,000 అడుగుల ఎత్తున చిమ్మగానే అద్దం మీద మంచుపొర కట్టి, ముందు ఏమీ కనిపించదు. సున్నాకు దిగువన పనిచేసే ద్రవం సీసా పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది.

టైర్లలో గాలి ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలికీ సుమారు ఒక పి.ఎస్.ఐ. చొప్పున తగ్గుతుంది. మధ్యాహ్నం ఫీనిక్స్‌లో 68 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉన్న గాలి, వైట్ శాండ్స్ పక్కనున్న ఆలమొగోర్డోలో తెల్లవారుజామున 28 దగ్గర నాలుగు పాయింట్లు పడిపోయి, గాలి తగ్గిందని చెప్పే పసుపు దీపం వెలగవచ్చు. కంగారు పడకండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలిచి, డ్రైవరు తలుపు అంచున అతికించిన చీటీలో రాసినంత నింపుకోండి.

పెట్రోలు సగానికి రాగానే నింపేయండి. చిరికావా లోపల బంకు లేదు, తిండీ దొరకదు. సొకోరో నుంచి షో లో వెళ్లే దారిలో ఊళ్లు బహు దూరదూరం. ఫోను పటాలను ముందే దించుకోండి, మామూలు కాగితపు పటం కూడా ఒకటి కొనండి. బిస్బీ వైపు సరిహద్దుకు బాగా దగ్గరగా వెళతారు, అక్కడ ఫోను మెక్సికో టవరును పట్టుకుంటే బిల్లు పేలిపోతుంది. రోమింగ్ ఆపి ఉంచండి.

తోడు

ఏడు రోజులు ఒకే కారులో, ఒకే గదిలో. చిన్ననాటి స్నేహితులైనా సరే, ముందు ఒక సాయంత్రం కూర్చుని కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

డబ్బు: ఇద్దరూ చెరి సమానంగా ఒక మొత్తం పక్కన పెట్టండి. పెట్రోలు, గది, ప్రవేశ రుసుములు అందులోంచి ఇవ్వండి. కాఫీలు, కొనుగోళ్లు ఎవరివి వాళ్లవి. "నువ్వు ఇవ్వు, తర్వాత చూసుకుందాం" అన్న మాట మూడో రోజుకు ముల్లవుతుంది.

నిద్ర: ఒకరు గుర్రు పెడితే ఒప్పుకోండి. రెండు మంచాల గది కాకుండా, రెండు రాత్రులైనా రెండు గదులు తీసుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

డ్రైవింగ్: రెండు గంటలకోసారి చేతులు మారాలి, అలసట ఉన్నా లేకపోయినా. నడపని మనిషికి మూడు పనులు: దారి చూడడం, నీళ్లు అందించడం, పడుకోకుండా ఉండడం. పాటలు నడిపేవాడి ఇష్టం. చీకటి పడ్డాక మాత్రం రోజంతా తక్కువ నడిపిన మనిషి స్టీరింగ్ పట్టాలి, ఇందులో మొహమాటం లేదు.

మౌనం: దీన్ని ఎవరూ మాట్లాడుకోరు. విల్‌కాక్స్ తర్వాత గంటన్నర పాటు చదునైన నేల, దూరంగా నీలి కొండలు తప్ప ఏమీ ఉండదు. అక్కడ మాటలు అయిపోతాయి. మొదటిసారి నా మిత్రుడు మాట్లాడకపోతే కోపమనుకున్నాను. రెండోసారి బయలుదేరే ముందే చెప్పాడు: "నేను మాట్లాడటం లేదంటే బాగున్నానని అర్థం. బాగా లేకపోతే నేనే చెబుతాను." అంతే, దారంతా హాయిగా గడిచింది.

మూటాముల్లె

ఎడారి చలి పొద్దుతో వస్తుంది, పొద్దుతో పోతుంది. మధ్యాహ్నం చొక్కాతో తిరిగిన చోటే ఆరు గంటలకు పళ్లు టకటకలాడతాయి. లంబసింగి చలికి అలవాటు పడ్డామనుకునేవారికి కూడా వైట్ శాండ్స్ సాయంత్రం కొత్తగానే ఉంటుంది, ఎందుకంటే చలికి గాలి తోడవుతుంది. ఒక్క లావు కోటు కాకుండా పొరలు పొరలుగా వేసుకోండి: ఒంటికి అంటుకునే లోపలి బట్ట, ఉన్ని, పైన గాలి ఆపే జాకెట్. అమ్మ సూట్‌కేసులో పెట్టిన మంకీ క్యాప్‌ను నవ్వి పక్కన పడేయకండి. మూడో రోజు తెల్లవారుజామున కొక్కెరలను చూసే చోట నా మిత్రుడు దాన్ని తిరిగి ఇవ్వలేదు.

గాలిలో తేమ ఉండదు. పెదవులు పగులుతాయి, ముక్కులోంచి రక్తం చుక్క రావచ్చు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు కారులో ఉండాలి. చెమట కనిపించదు కాబట్టి దాహం తెలియదు, తలనొప్పితోనే తెలుస్తుంది. కొబ్బరినూనె తీసుకెళ్లేవారికి ఒక మాట: ఉదయానికి సీసాలో నూనె సున్నంలా గట్టిపడి ఉంటుంది. చెంచా పెట్టి గీరే బదులు, కారు స్టార్ట్ చేసి అద్దానికి వేడిగాలి వచ్చే చోట సీసా నిలబెట్టండి. పది నిమిషాల్లో అంచుల నుంచి పారదర్శకంగా కరుగుతూ, మధ్యలో తెల్లని గడ్డ చిన్న మంచుకొండలా మిగులుతుంది.

ఒక దువ్వెన పెట్టుకోండి, జుట్టు కోసం కాదు. ఎందుకో మొదటి రోజు దగ్గర చెబుతాను.

తిండికి ఇబ్బంది లేదు. మెక్సికన్ వంటల్లో అన్నం, చిక్కుడు గింజలు, రొట్టె, మిరప అన్నీ ఉన్నాయి. శాకాహారులు ఒక్కటి అడగాలి: ఉడికించి మెదిపిన గింజల్లో పంది కొవ్వు కలిపారా అని. చాలా చోట్ల కలుపుతారు, అడిగితే నిజం చెబుతారు. న్యూ మెక్సికోలో ఏది తెప్పించుకున్నా "ఎరుపా, ఆకుపచ్చా?" అని అడుగుతారు. అడిగేది మిరప పులుసు సంగతి. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనండి, అర్థమవుతుంది. లాస్ క్రూసెస్‌కు నలభై మైళ్ల ఉత్తరాన ఉన్న హ్యాచ్ ఊరు ఈ మిరపకు పేరు. గుంటూరు కారం నాలుకను కొడుతుంది, హ్యాచ్ ఆకుపచ్చ మిరప కాల్చిన వాసనతో ముందు ముక్కును పిలుస్తుంది, కారం తర్వాత తీరిగ్గా వస్తుంది. మిరప మన దేశానికి వచ్చింది ఈ ఖండం నుంచే కదా, పుట్టింటి రుచి చూసినట్టు.

చిన్న రైస్ కుక్కరు, పులిహోర పులుసు సీసా, ఆవకాయ ఉంటే రాత్రి భోజనం గదిలోనే అయిపోతుంది. గదిలో తాలింపు మాత్రం పెట్టకండి, పొగ గంట మోగితే మోటెల్ మొత్తం బయటికి వస్తుంది.

కాగితాలు, రుసుములు

సరిహద్దుకు వంద మైళ్ల లోపు రోడ్ల మీద బార్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలుంటాయి. వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్ వైపు వెళ్లే 70వ నంబరు రోడ్డు మీద ఒకటి ఉంది, టూంబ్‌స్టోన్ పరిసరాల్లోనూ ఉంటాయి. విద్యార్థి వీసా, హెచ్-1బి వీసా మీద ఉన్నవారు అసలు పాస్‌పోర్టు, ఐ-94 ముద్రిత ప్రతి, మీ హోదాను బట్టి ఐ-20 లేదా ఐ-797 దగ్గర ఉంచుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆ కార్డే ఉంచుకోండి. ఫోనులో ఫోటో ఉంది కదా అనుకోకండి. కారు ఆపి, కిటికీ దించి, అడిగినదానికి సూటిగా సమాధానం చెబితే నిమిషంలో పని అయిపోతుంది. డిక్కీలో పెట్టిన బ్యాగులో పాస్‌పోర్టు ఉంటే మాత్రం ఆ నిమిషం చాలా పొడవు.

పార్కుల రుసుముకు చిన్న లెక్క. సగ్వారో, వైట్ శాండ్స్ రెండూ కారుకు 25 డాలర్ల చొప్పున వసూలు చేస్తున్నాయి, చిరికావాకు రుసుము లేదు. మొత్తం 50. అమెరికా నివాసులకు ఏడాది పాస్ 80 డాలర్లు. ఏడాదిలో మరో రెండు పార్కులు చూస్తారంటే తప్ప పాస్ అక్కర్లేదు. కార్డు దగ్గర ఉంచుకోండి, చాలా పార్కుల్లో నగదు తీసుకోవడం లేదు.

ఇక దారి

మొదటి రోజు ఫీనిక్స్ నుంచి టూసాన్‌కు 115 మైళ్లు. మధ్యాహ్నానికల్లా సగ్వారో నేషనల్ పార్కు పడమటి భాగానికి చేరండి. ఊరికి తూర్పున ఒకటి, పడమర ఒకటిగా ఈ పార్కుకు రెండు ముక్కలున్నాయి. చిక్కని సగ్వారో అడవి పడమట ఉంది. ఈ జెముడు చెట్టు మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళంన్నర పెరుగుతుంది. చేతుల్లాంటి కొమ్మ రావడానికి యాభై, డెబ్భై ఏళ్లు. మీ ముందు నలభై అడుగుల చెట్టు అయిదారు చేతులతో నిలబడి ఉంటే, అది మీ ముత్తాతకు కూడా పెద్దది. ఒంటి మీద మడతలు చూడండి: వాన పడినప్పుడు అవి విచ్చుకుని నీళ్లు నింపుకుంటాయి, కరవులో అకార్డియన్‌లా ముడుచుకుంటాయి.

అడుగు ఎక్కడ వేస్తున్నారో కూడా చూసుకోండి. చోల్లా అనే జెముడు బొచ్చు బొమ్మలా ముద్దుగా ఉంటుంది. ముట్టుకోకపోయినా, ఆనుకుని నడిస్తే చాలు, ముళ్ల ఉండ ఒకటి తెగి ప్యాంటుకో పిక్కకో అంటుకుంటుంది. చేత్తో తీయబోతే చేతికీ పట్టుకుంటుంది, మా వాడు రెండు చేతులా ప్రయత్నించి చూపించాడు. దువ్వెన పళ్లను చర్మానికీ ఉండకూ మధ్య దూర్చి, మనుషులెవరూ లేని వైపుకు ఒక్క విదిలింపు విదిలించాలి. మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయాలి.

రెండో రోజు టూసాన్ దక్షిణాన శాన్ సావియర్ చర్చి చూడండి. 1783 నుంచి 1797 దాకా కట్టిన తెల్లని కట్టడం, టొహోనో ఓదమ్ జాతివారి నేల మీద ఉంది. ఇప్పటికీ పూజలు జరిగే చోటు కాబట్టి కెమెరా కాస్త ఒద్దికగా వాడండి. అక్కడి నుంచి టూంబ్‌స్టోన్ మీదుగా బిస్బీ. 1881 తుపాకుల పోరు పేరుతో టూంబ్‌స్టోన్ రోజూ నాటకమాడుతుంది. నాకైతే అరగంట ఎక్కువ. బిస్బీ అలా కాదు. కొండ కడుపులోంచి రాగి తవ్వి బతికిన ఊరు, 1975లో గని మూతపడింది. ఇప్పుడు పసుపు కోటు, తలదీపం ఇచ్చి చిన్న రైలు మీద లోపలికి తీసుకెళతారు. లోపల ఏడాది పొడవునా 47 డిగ్రీల ఫారెన్‌హీటే, స్వెట్టరు ఉంచుకోండి. టికెట్లు ముందే తీసుకోండి, రాత్రి బిస్బీలోనే ఉండండి.

మూడో రోజు కోసమే ఇదంతా అన్నా నాకు అభ్యంతరం లేదు. అయిదున్నరకు లేచి, బిస్బీ నుంచి దాదాపు ముప్పావు గంటలో ఉన్న వైట్‌వాటర్ డ్రా అనే చిత్తడి నేలకు పొద్దు పొడిచే లోపే చేరండి. చివరి ముక్క మట్టిరోడ్డు, ముందురోజు వాన పడితే బురద. చలికాలంలో శాండ్‌హిల్ కొక్కెరలు ఇక్కడికి వేల సంఖ్యలో వస్తాయి. కొన్నేళ్లు ఇరవై వేలు దాటుతాయి. నక్కలు, కొయోటీలు దగ్గరికి రాకుండా రాత్రి లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. చీకట్లో కారు దిగగానే ముందు చప్పుడు వినిపిస్తుంది. ఎండిన చెక్క తలుపులు వందలాదిగా ఒకేసారి తెరుచుకుంటున్నట్టు. తూర్పు ఎర్రబడుతుండగా ఒక గుంపు లేస్తుంది, దాని వెనుక మరొకటి. కాసేపటికి ఆకాశం నిండా గీతలు. అవి పొలాల్లో మేతకు వెళ్లి మధ్యాహ్నం ప్రాంతంలో తిరిగి వస్తాయి. సూళ్లూరుపేట దగ్గర పులికాట్ రాజహంసలను చూసినవారికి ఆ గుంపుల సొగసు తెలుసు. ఇక్కడ తేడా అంతా గొంతులోనే. జీన్స్ మాత్రమే వేసుకుని నిలబడితే ఇరవై నిమిషాలకు కాళ్లు మొద్దుబారతాయి, మరోసారి చెబుతున్నాను.

తొమ్మిదింటికి ఉత్తరానికి కదిలితే పదకొండు లోపే చిరికావా. సుమారు 2 కోట్ల 70 లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి, వాన, మంచు, గాలి తినగా మిగిలిన రాతిస్తంభాలివి. ఎనిమిది మైళ్ల ఘాట్‌రోడ్డు మసాయ్ పాయింట్ దాకా ఎక్కుతుంది, మంచు పడితే మూసేస్తారు. తెరిచి ఉంటే ఎకో కేన్యన్ చుట్టు దారి 3.3 మైళ్లు, మూడు గంటలు ఇవ్వండి. ఎండ తగలని ఉత్తరపు వాలులో పాతమంచు గాజులా ఉంటుంది, షూ కింద తొడిగే చిన్న ఇనుప పళ్ల పట్టీలు ఇక్కడ పనికొస్తాయి. మూడున్నరకు దిగడం మొదలుపెట్టండి. మా మొదటి ప్రయాణంలో మేము ఇంకా చేరుకోని సమయమది. రాత్రికి విల్‌కాక్స్.

నాలుగో రోజు అంతరాష్ట్ర రహదారి 10 మీద లాస్ క్రూసెస్‌కు సుమారు 190 మైళ్లు. చూడడానికి తక్కువ, జాగ్రత్త పడడానికి ఎక్కువ. లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిపోయిన చెరువునేల మీంచి గాలి లేస్తే, క్షణాల్లో దుమ్ము గోడలా కమ్ముకుంటుంది. ముందు దుమ్ము కనిపిస్తే లోపలికి వెళ్లకండి. ఇరుక్కుంటే రోడ్డు అంచు దాటి వీలైనంత పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దీపాలన్నీ ఆర్పేయండి, బ్రేకు పెడలు మీద నుంచి కాలు తీసేయండి. మన అలవాటుకు ఇది వ్యతిరేకం. కానీ వెనుక వచ్చే లారీ మీ ఎర్రదీపం చూసి అదే రోడ్డు అనుకుని వచ్చి గుద్దుతుంది. సాయంత్రం లాస్ క్రూసెస్ పక్కన మెసీయా పాత బజారులో భోజనం.

అయిదో రోజు మొత్తం వైట్ శాండ్స్‌కు. లాస్ క్రూసెస్ నుంచి 52 మైళ్లు, మధ్యలో 5,700 అడుగుల కనుమ దాటాలి. చుట్టూ సైన్యపు క్షిపణి పరీక్షల క్షేత్రం ఉంది. పరీక్ష ఉంటే పార్కు రోడ్డును ఒక్కోసారి మూడు గంటల సేపు మూసేస్తారు, 70వ నంబరు రోడ్డు కూడా ఆపుతారు. ముందురోజే పార్కు వెబ్‌సైట్ చూసుకోండి.

దిబ్బలు 275 చదరపు మైళ్ల జిప్సం. మామూలు ఇసుక కాదు కాబట్టి ఎండలోనూ కాలదు, చలికాలం మధ్యాహ్నం వట్టికాళ్లతో నడిస్తే చల్లగా, పిండిలా తగులుతుంది. సందర్శకుల కేంద్రం దుకాణంలో ప్లాస్టిక్ జారుడు పళ్లేలు అమ్ముతారు, దానికి మైనం ముక్క కూడా. మైనం రుద్దకపోతే జారరు. ముప్ఫై దాటిన ఇద్దరు మగాళ్లం రెండు గంటలు జారాం, ఎవరూ నవ్వలేదు. ఇక్కడ మనుషుల శిలాపాదముద్రలు కూడా దొరికాయి. అవి 21,000 నుంచి 23,000 ఏళ్ల నాటివని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

దిబ్బల్లో దారి తప్పడం తేలిక. గాలి మీ అడుగులను చెరిపేస్తుంది, ప్రతి దిబ్బా ఒకేలా ఉంటుంది. కారు కనిపించనంత దూరం వెళితే ఫోనులో కారు ఉన్న చోటు గుర్తుపెట్టి, ఒక కొండ శిఖరాన్ని ఆనవాలుగా పెట్టుకోండి. అస్తమయానికి గంట ముందు ఒక ఎత్తైన దిబ్బ ఎక్కి కూర్చోండి. తెలుపు ముందు బంగారమవుతుంది, తర్వాత గులాబీ, ఆఖరుకు పడమటి కొండల నీలం నేల మీదికి దిగుతుంది. అస్తమయం తర్వాత పార్కు మూసేస్తారు, ఎప్పుడన్నది గేటు దగ్గర రాసి ఉంటుంది. పదిహేను మైళ్లలో ఆలమొగోర్డో, రాత్రి అక్కడే. ఊరి అంచున కారు ఆపి తల ఎత్తితే కృత్తికలు నడినెత్తిన, వేరు వేరు చుక్కలుగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటాయి.

ఆరో రోజు ఉత్తరాన పిస్తా తోటలు, కరిజోజో దగ్గర అయిదు వేల ఏళ్ల నాటి నల్లని లావా నేల, 380వ నంబరు రోడ్డు మీద పడమరకు శాన్ ఆంటోనియో అనే చిన్న ఊరు. నాలుగింటికల్లా దాని దక్షిణాన బోస్క్ డెల్ అపాచీ పక్షుల ఆశ్రయం చేరండి. ఉదయం లేచిన కొక్కెరలు చూశారు కదా, ఇక్కడ సాయంత్రం దిగేవాటిని చూడండి. కాళ్లు వేలాడదీసి, రెక్కలు గొడుగుల్లా పట్టి, నీళ్లలోకి మెల్లగా. రాత్రి సొకోరో.

ఏడో రోజు పొడవైనది, సుమారు 370 మైళ్లు. పొద్దు పొడవగానే బయలుదేరే ముందు 511 చూడండి. పై టౌన్, షో లో దగ్గర మంచు హెచ్చరిక ఉంటే మారు మాట్లాడకుండా దక్షిణాన దిగి రహదారి 10 పట్టుకోండి. దూరం పెరుగుతుంది, పరవాలేదు. దారి బాగుంటే 60వ నంబరు రోడ్డు మీద యాభై మైళ్లలో వెరీ లార్జ్ అర్రే కనిపిస్తుంది: 7,000 అడుగుల మైదానంలో పట్టాల మీద కదిలే 27 తెల్లని రేడియో పళ్లేలు, ఒక్కొక్కటి 25 మీటర్ల వెడల్పు. అక్కడ ఫోను ఆపేయమంటారు, దాని తరంగాలు నక్షత్రాల సంకేతాలకు అడ్డు. సందర్శన వేళలు ముందే చూసుకోండి.

వంతెనల మీద నల్లమంచు కనిపించదు, తడిరోడ్డులా ఉంటుంది. నేల కంటే వంతెన ముందే గడ్డకడుతుంది. దాని మీద బ్రేకు వేయకండి, స్టీరింగ్ తిప్పకండి, కాలు మెల్లగా తీసి అలాగే దాటండి. షో లో దాటాక సాల్ట్ రివర్ కేన్యన్‌లో రోడ్డు మెలికలు తిరుగుతూ రెండు వేల అడుగులు దిగి మళ్లీ ఎక్కుతుంది. అక్కడ వెలుగుండాలి, అందుకే ఉదయం పెందలాడే బయలుదేరమన్నది. దిగేటప్పుడు తక్కువ గేరు వాడండి.

గ్లోబ్ చేరాక ఆగి టీ తాగండి. ఉమ్మడి డబ్బు లెక్క అక్కడే ముగించండి, విమానాశ్రయంలో హడావుడి మధ్య కాదు. ఏదైనా బంకులో రెండు డాలర్ల వాక్యూమ్‌తో కారు చాపలు దులపండి, లేకపోతే తెల్లపొడి చూసి శుభ్రం చేసినందుకు రుసుము వేస్తారు. మేము అలా దులిపి కారు అప్పగించాం. ఆ తర్వాత పది రోజులకు మిత్రుడి నుంచి ఫోటో వచ్చింది: మంకీ క్యాప్ విప్పి వంటగది గట్టు మీద దులిపాడట, చిటికెడు తెల్లని పొడి. కింద ఒక్క ముక్క రాశాడు, "ఉప్పు అనుకుని ఎవరూ వాడకముందే తుడిచేశాను."